లండన్‌కు తొలి ఒక్కరోజు ప్రయాణం: బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారి కోసం

బ్రిటన్‌లో దిగి నెల తిరక్కుండానే ఇంటి నుంచి ఫోనులో ఒక ప్రశ్న వస్తుంది: "లండన్ చూశావా?" బర్మింగ్‌హామ్‌లోనో కోవెంట్రీలోనో లెస్టర్‌లోనో గది తీసుకుని, బ్యాంకు ఖాతా కోసం, యూనివర్సిటీ కార్డు కోసం తిరుగుతున్నవారికి ఆ ప్రశ్న ఒక బాకీలా మిగిలిపోతుంది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఒక శనివారం నలుగురు కలిసి బయలుదేరతారు.

నా మొదటి ప్రయాణం అలాగే జరిగింది. ముగ్గురు మిత్రులతో బర్మింగ్‌హామ్ నుంచి వెళ్ళాను. చూడవలసిన చోట్లు తొమ్మిది రాసుకున్నాం. రాత్రి తిరుగు రైల్లో ఫోటోలు చూసుకుంటే తొమ్మిదింటి ముందూ నిలబడి ఉన్నాం కానీ, ఒక్కదాని లోపలా పది నిమిషాలు గడపలేదు. కొన్ని నెలల తర్వాత ఒక్కణ్ణే, ఒకే ఒక్క దానికోసం వెళ్ళాను: బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల కోసం. ఆ రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అంతటికీ ఒకటే సూత్రం. లోపలికి వెళ్ళి తీరిగ్గా చూసేది ఒక్కటి పెట్టుకోండి, మిగతా లండన్‌ను దారిలో నడుస్తూ చూడండి.

ఉదాహరణలన్నీ బర్మింగ్‌హామ్ నుంచి వెళ్ళేవారికి సరిపోయేలా రాశాను. ఇతర ఊళ్ళవారికి దిగే స్టేషన్ మారుతుంది, పద్ధతి మారదు.

రోజు ఎలా ఎంచుకోవాలి

ముందు చూడవలసింది వెలుతురు. మన దేశంలో ఏ కాలంలోనైనా పొద్దు ఇంచుమించు ఒకే వేళకు వాలుతుంది కాబట్టి దీని గురించి ఆలోచించే అలవాటు మనకు ఉండదు. లండన్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచే సాయంత్రం ఒక్కసారిగా ముందుకు జరిగినట్టు ఉంటుంది. సెప్టెంబరులో వచ్చినవారు వీలైతే ఆ ఆదివారంలోపే వెళ్ళిరండి. జనవరిలో వచ్చినవారు ఉదయం పెందలాడే బయలుదేరండి, లేదా మార్చి నెలాఖరు వరకు ఆగండి.

రెండోది రైళ్ళ మరమ్మతులు. పట్టాల పనులను ఎక్కువగా ఆదివారాలకూ సెలవు రోజులకూ పెడతారు. రెండు గంటల ప్రయాణం బస్సు మార్పులతో నాలుగు గంటలు కావచ్చు. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో మీ తేదీ వేసి చూస్తే ముందే తెలుస్తుంది. క్రిస్మస్ రోజున రైళ్ళు గాని, లండన్ భూగర్భ రైళ్ళయిన ట్యూబ్ గాని నడవవు.

తరగతులు లేకపోతే నా ఓటు శుక్రవారానికి. బ్రిటిష్ మ్యూజియం మిగతా రోజుల్లో సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు, శుక్రవారం మాత్రం రాత్రి 8.30 దాకా తెరిచి ఉంటుంది. అయితే ఆ సాయంత్రం లండన్ నుంచి బయటికి వెళ్ళే రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి సీటు రిజర్వేషన్ చేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

టికెట్ కొనే ముందు

లండన్‌కు ఒకే పెద్ద స్టేషన్ లేదు. పదికి పైగా ఉన్నాయి, ఒక్కో దిక్కు నుంచి వచ్చే రైళ్ళు ఒక్కో చోట ఆగిపోతాయి. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్, కోవెంట్రీ, మాంచెస్టర్ రైళ్ళు యూస్టన్‌కు వస్తాయి. బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్ నుంచి బయలుదేరేవి మారిలబోన్‌కు, లెస్టర్, షెఫీల్డ్ రైళ్ళు సెయింట్ పాంక్రస్‌కు, లీడ్స్, న్యూకాజిల్ రైళ్ళు కింగ్స్ క్రాస్‌కు, బ్రిస్టల్, కార్డిఫ్ రైళ్ళు పాడింగ్టన్‌కు చేరతాయి. ఏ స్టేషన్‌లో దిగుతారో తెలిశాకే నడక దారి వేసుకోండి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది టికెట్ రకాల దగ్గరే. అడ్వాన్స్ టికెట్ చవక, కానీ అది ఒక్క రైలుకే చెల్లుతుంది. స్టేషన్‌కు ముందుగా చేరాం కదా అని అంతకు ముందు రైలు ఎక్కితే మళ్ళీ టికెట్ కొనాలి, జరిమానా కూడా పడవచ్చు. మీ అంతట మీరు ఆలస్యమై రైలు తప్పిపోయినా అంతే. ఆఫ్-పీక్ టికెట్‌తో రద్దీ వేళలు కాకుండా ఆ రోజు ఏ రైలైనా ఎక్కవచ్చు. ఎనీటైమ్ టికెట్‌కు వేళల షరతు లేదు, ధర చూస్తే గుండె ఆగుతుంది. ఇవి కాక కొన్ని టికెట్ల మీద ఒకే కంపెనీ రైళ్ళకు చెల్లుతుందని రాసి ఉంటుంది. బర్మింగ్‌హామ్ నుంచి లండన్‌కు వేగంగా వెళ్ళే రైళ్ళు ఒక కంపెనీవి, నెమ్మదిగా, చవకగా వెళ్ళేవి మరో కంపెనీవి. ఒకదాని టికెట్‌తో మరొకటి ఎక్కకూడదు.

రెండు అడ్వాన్స్ టికెట్ల మొత్తానికీ ఆఫ్-పీక్ రిటర్న్‌కూ తేడా కొద్దిగానే ఉంటే తొలిసారికి రిటర్నే కొనండి. సాయంత్రం గడియారం వంక చూస్తూ పరుగెత్తే బాధ తప్పుతుంది. తేడా బాగా ఉంటే అడ్వాన్స్ కొని, తిరుగు రైలు రాత్రి ఏడు తర్వాతది ఎంచుకోండి.

16-25 రైల్‌కార్డ్ అనే రాయితీ కార్డుతో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. వయసు 25 దాటినా పూర్తికాలం చదువుతున్న విద్యార్థులకు ఇది ఇస్తారు. చదువు అయిపోయినవారికి 26-30 కార్డు ఉంది. వారపు రోజుల్లో ఉదయం పది లోపు ప్రయాణాలకు కనీస ఛార్జీ షరతు ఉంటుంది, చూసుకోండి. రైల్‌కార్డ్ రాయితీతో టికెట్ కొని కార్డు లేకుండా రైలెక్కితే, టికెట్ లేనట్టే లెక్క. రైల్‌కార్డ్ లేకపోయినా ముగ్గురి నుంచి తొమ్మిది మంది వరకు కలిసి వెళితే గ్రూప్‌సేవ్ అనే రాయితీని చాలా కంపెనీలు ఇస్తాయి, అందులోనూ మూడో వంతు తగ్గుతుంది. మిత్రులతో వెళ్ళేవారిలో ఈ సంగతి తెలిసినవారు నాకు తక్కువే కనిపించారు.

టికెట్‌ను రైలు కంపెనీల సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. ఏ కంపెనీ సైట్‌లోనైనా దేశంలోని అన్ని రైళ్ళ టికెట్లూ దొరుకుతాయి, అదనపు బుకింగ్ రుసుము ఉండదు. డబ్బు మరీ బిగుతుగా ఉంటే విక్టోరియా కోచ్ స్టేషన్‌కు వచ్చే బస్సులు ఉన్నాయి. కాకపోతే ట్రాఫిక్‌లో రోజు సగం రోడ్డు మీదే గడిచిపోతుంది.

ముందు రోజు రాత్రి

చిన్న సంచి చాలు. మ్యూజియం వాకిట్లో సంచులు తెరిచి చూస్తారు, చక్రాల పెట్టెలను లోపలికి రానివ్వరు. బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం, అయినా వారి వెబ్‌సైట్‌లో ఉచిత టికెట్‌ను వేళతో సహా తీసిపెట్టుకుంటే వరుసలో నిలబడే సమయం కలిసివస్తుంది.

టికెట్, రైల్‌కార్డ్, దారి చూపే మ్యాపు, డబ్బు చెల్లించే కార్డు అన్నీ ఫోనులోనే పెట్టుకునేవారు పవర్ బ్యాంకు లేకుండా బయలుదేరకూడదు. టికెట్‌ను ఫోనులో దించుకుని ఉంచండి, గదిలో ఉండే మిత్రుడి నంబరును కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పాస్‌పోర్ట్ ఇంట్లోనే ఉంచండి. వీసా వివరాలు ఇప్పుడు ఆన్‌లైన్ ఖాతాలోనే ఉంటాయి, ఒక్కరోజు ప్రయాణానికి పాస్‌పోర్ట్ తీసుకెళ్ళి పోగొట్టుకుంటే నెలల తరబడి తిప్పలు.

భోజనానికి పులిహోర కట్టుకుపొమ్మంటాను. చల్లారినా రుచి చెడదు, చేతికి నూనె అంటకుండా చెంచాతో తినేయవచ్చు. మ్యూజియం పక్కనే రస్సెల్ స్క్వేర్ అనే తోట ఉంది, అందులో బెంచీలున్నాయి. వంట కుదరకపోతే సూపర్‌మార్కెట్లలో శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి మీల్ డీల్ పేరుతో అమ్ముతారు. ఖాళీ నీళ్ళ సీసా వెంట ఉంచుకోండి. మరుగుదొడ్ల విషయానికొస్తే, పెద్ద రైల్వే స్టేషన్లలోనూ మ్యూజియంలలోనూ ఉచితం. ట్యూబ్ స్టేషన్లను నమ్ముకోవద్దు, చాలావాటిలో ఉండవు.

ట్యూబ్, బస్సు, కార్డు

లండన్ భూగర్భ రైలు ప్రపంచంలోనే మొదటిది. 1863లో పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా నడిచింది. ఇప్పుడు 11 లైన్లు, 272 స్టేషన్లు. అంకెలు విని కంగారు పడనక్కర్లేదు.

దీనికి టికెట్ కొనే పని లేదు. మీ బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డునో, ఫోనులో కలిపిన కార్డునో గేటు దగ్గర పసుపు పచ్చని గుండ్రటి రీడరుకు ఆనించాలి. దిగాక బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ ఆనించాలి. గేటు లేని స్టేషన్‌లో కూడా రీడరు వెతికి మరీ ఆనించండి, లేకపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. రోజంతా ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒక మొత్తం దాటాక ఇక డబ్బు కోయరు, దాన్ని రోజువారీ క్యాప్ అంటారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లాస్టిక్ కార్డు, అదే కార్డు కలిపిన ఫోను, వాచీ, ఈ మూడూ యంత్రం కంటికి మూడు వేర్వేరు కార్డులు. ఫోనుతో లోపలికి వెళ్ళి, దాని ఛార్జింగ్ అయిపోయి ప్లాస్టిక్ కార్డుతో బయటికి వస్తే రెండింటి మీదా డబ్బు పోతుంది. ఉదయం దేనితో మొదలుపెడితే రాత్రి దాకా దానితోనే ఉండండి. మనిషికి ఒక కార్డు తప్పనిసరి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళలేరు. ఇక్కడి బ్యాంకు కార్డు ఇంకా రాకపోతే భారతీయ కార్డు వాడే ముందు విదేశీ లావాదేవీ రుసుము ఎంతో తెలుసుకోండి, లేదా డబ్బు వేసుకుని ఇదే పద్ధతిలో వాడే ఆయిస్టర్ కార్డు కొనుక్కోండి.

బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే కార్డు ఆనిస్తారు, దిగేటప్పుడు అవసరం లేదు. నగదు తీసుకోవడం 2014లోనే మానేశారు. మొదటి బస్సెక్కిన గంటలోపు మరో బస్సెక్కితే మళ్ళీ ఛార్జీ పడదు. ఊరు చూడాలంటే ట్యూబ్ కంటే బస్సు మేడ మీద ముందు సీటు వెయ్యి రెట్లు నయం.

ట్యూబ్ మ్యాపును చూసి దూరాలు లెక్కకట్టకండి. అది హ్యారీ బెక్ గీసిన పద్ధతి, 1933లో తొలిసారి ప్రజలకు అందింది. గీతలు చక్కగా కనిపించడం కోసం అందులో నిజమైన దూరాలను వదిలేశారు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే. మ్యాపులో అది కనిపించదు కాబట్టి కొత్తవారు మెట్లు దిగి, రైలుకోసం ఆగి, మళ్ళీ పైకి వస్తారు. ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే ముందు ఫోనులో నడక సమయం చూడండి.

ప్లాట్‌ఫారం వెతికేటప్పుడు లైను రంగుతో పాటు దిక్కు కూడా చూడాలి. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని బోర్డుల మీద రాసి ఉంటుంది, కింద వచ్చే స్టేషన్ల వరుస ఉంటుంది. మీ స్టేషన్ ఆ వరుసలో కనిపిస్తేనే అటు వెళ్ళండి. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవారి దారి. ఈ ఒక్క నియమం దగ్గర లండన్‌వాసులకు ఓపిక తక్కువ.

యూస్టన్ నుంచి అమరావతి దాకా

యూస్టన్‌లో దిగగానే ట్యూబ్ గుర్తు వెంట పోకండి. రోడ్డు దాటి దక్షిణంగా నడిస్తే తోటలు, యూనివర్సిటీ భవనాల మధ్యగా పావుగంట, ఇరవై నిమిషాల్లో బ్రిటిష్ మ్యూజియం చేరతారు. 1753లో స్థాపించి, 1759లో ప్రజలకు తెరిచారు. ముందు ద్వారం గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ మీద, వెనుక ద్వారం మాంటేగ్ ప్లేస్ మీద ఉన్నాయి. జనమంతా రొజెట్టా శిల వైపు పోతారు. మూడు లిపుల్లో ఒకే శాసనం చెక్కిన ఆ రాయిని మీరూ చూడండి, పది నిమిషాలు చాలు. తర్వాత ఉత్తరం వైపు 33వ నంబరు గదికి రండి. చైనా, దక్షిణాసియా వస్తువులుండే పొడవాటి గది అది. దానికి ఒక చివర, అద్దాల వెనుక, 33ఎ.

అక్కడ ఉన్నవి కృష్ణా తీరపు రాళ్ళు. అమరావతి మహాస్తూపానికి చుట్టూ అమర్చిన పలనాటి సున్నపురాయి పలకలు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసుకు తరలించాడు, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడలో పంపారు, 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. నూటికి పైగా ఉన్నాయి. మరో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

అన్నింటినీ చూడాలని తొందరపడకుండా ఒక పలకను వెతకండి. రెండువైపులా చెక్కిన పలక అది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజుల పని, క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దం నాటిది. మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత వేరే శిల్పులు అదే రాయిని తిప్పి, వెనుకవైపు మహాస్తూపాన్నే చెక్కారు. ముంగిట సింహాలు, వరుసగా నిలిచిన ఐదు స్తంభాలు, గోళాకారపు గుమ్మటం, దానికి పైన ఎగురుతూ వస్తున్న దేవతలు. ఇవాళ అమరావతిలో మిగిలింది మట్టిదిబ్బ, కొద్ది రాళ్ళే కదా. ఆ స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు చూపించే బొమ్మ ఈ అరచేతి మందం రాతి మీద ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. గుంటూరు జిల్లాలో చదువుకుని, ఆ ఊరు మీదుగా ఎన్నోసార్లు బస్సులో పోయి, ఈ స్తూపాన్ని లండన్‌లో చూడవలసి వచ్చిందే అన్న బాధ, చూడగలిగానన్న సంతోషం రెండూ ఒక్కసారే కలిగాయి. ఒక్కోసారి ఆ గది తలుపు మూసి ఉంచుతారు, అప్పుడు కూడా అద్దంలోంచి కనిపిస్తాయి. ఏ గదులు తెరిచి ఉన్నాయో ఆ రోజు ఉదయం వెబ్‌సైట్‌లో చూసి బయలుదేరండి.

మ్యూజియంకు మూడు గంటలు ఇవ్వండి. శిల్పాల మీద ఆసక్తి లేనివారు ఆ మూడు గంటలను మరో దానికి ఇవ్వండి. యూస్టన్‌కు దగ్గరలోనే బ్రిటిష్ లైబ్రరీ ఉంది, ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత ఒప్పందపత్రం మాగ్నా కార్టా ప్రతులు అక్కడివే. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో చిత్రకళా మ్యూజియం నేషనల్ గ్యాలరీ ఉంది. రెండూ ఉచితమే. రాజకిరీటాలుండే పాత కోట లండన్ టవర్‌ను మాత్రం తొలి ప్రయాణంలో పెట్టుకోవద్దు. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరు అక్కడుందని మనవాళ్ళకు మనసు లాగుతుంది. కానీ టికెట్ ఖరీదైనది, సగం రోజు దానికే పోతుంది. ఆ ఒక్కదాని కోసమే మరోసారి రండి.

మధ్యాహ్నం నడక

భోజనం అయ్యాక చారింగ్ క్రాస్ రోడ్డు వెంట దక్షిణంగా ఇరవై నిమిషాలు నడిస్తే ట్రఫాల్గర్ స్క్వేర్. కాళ్ళు నొప్పిగా ఉంటే 24వ నంబరు బస్సు ఆ దారినే వెళుతుంది. అక్కడి నుంచి వైట్‌హాల్ వీధిలో ప్రధానమంత్రి నివాసమున్న డౌనింగ్ స్ట్రీట్ గేట్లు దాటి పార్లమెంట్ స్క్వేర్ చేరతారు. చర్చిల్ విగ్రహం ఉన్న ఆ తోటలోనే 2015లో గాంధీజీ విగ్రహాన్ని నిలిపారు. ఎదురుగా కనిపించే గడియారపు స్తంభాన్ని అందరూ బిగ్ బెన్ అంటారు. నిజానికి ఆ పేరు లోపలి గంటది, కట్టడం పేరు 2012 నుంచి ఎలిజబెత్ టవర్.

వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద గిన్నెల కింద బంతి పెట్టి పందెం కాయించేవారు ఉంటారు. చుట్టూ గెలుస్తున్నట్టు కనిపించేవారంతా వాళ్ళ మనుషులే, ఆగి చూడకండి. వంతెన దాటి ఎడమకు తిరిగి నది వెంట నడవండి. రోజంతటిలో హాయిగా ఉండే భాగం ఇదే. లండన్ ఐ అనే పెద్ద జెయింట్ వీల్ పక్కగా, పాత పుస్తకాల బల్లలు దాటుకుంటూ ముప్పావుగంటలో ఆధునిక చిత్రకళా మ్యూజియం టేట్ మోడరన్ వస్తుంది. అక్కడి నుంచి కాలిబాట వంతెన మీదుగా నది దాటుతుంటే సెయింట్ పాల్స్ గుమ్మటం నిటారుగా ఎదురొస్తుంది. 1666 అగ్నిప్రమాదంలో పాత చర్చి కాలిపోయాక క్రిస్టఫర్ రెన్ కట్టించినది.

ఫోను గట్టిగా పట్టుకోండి

మధ్య లండన్‌లో సైకిళ్ళ మీద, మోటారు సైకిళ్ళ మీద వచ్చి చేతిలోని ఫోను లాక్కుపోవడం మామూలైపోయింది. మ్యాపు చూడాలంటే రోడ్డు అంచున నిలబడకుండా దుకాణం గుమ్మంలోకి జరిగి, గోడకు వీపు ఆనించి చూడండి. ఫోను పోయినా ఇల్లు చేరేలా కొంత నగదూ, ఒక ప్లాస్టిక్ కార్డూ వేరే జేబులో ఉండాలి. పూలతో అలంకరించిన రిక్షాలను ధర తేల్చుకోకుండా ఎక్కవద్దు. ప్రాణాపాయానికి 999, అత్యవసరం కాని పోలీసు సహాయానికి 101. రైల్లో ఎవరైనా వేధిస్తే 61016కు సందేశం పంపితే రైల్వే పోలీసులకు చేరుతుంది. ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు ఈ నంబరును ఫోనులో ముందే దాచుకోండి.

తిరుగు ప్రయాణం

సెయింట్ పాల్స్ స్టేషన్‌లో ఎర్ర రంగు సెంట్రల్ లైను, పడమర వైపు ఎక్కండి. మూడో స్టేషన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్. అక్కడ నలుపు రంగు నార్తర్న్ లైనుకు మారి ఉత్తరం వైపు వెళితే గూడ్జ్ స్ట్రీట్, వారెన్ స్ట్రీట్, తర్వాత యూస్టన్. వారపు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ట్యూబ్‌లో ఊపిరాడనంత రద్దీ ఉంటుంది. ఈ ప్రయాణాన్ని ఏడు తర్వాతకు జరపగలిగితే మంచిది.

రైలుకు అరగంట ముందే స్టేషన్‌లో ఉండండి. ఏ ప్లాట్‌ఫారం అన్నది బోర్డు మీద చివరి నిమిషాల్లో పడుతుంది, పడగానే జనం ఒక్కసారి కదులుతారు. రైలు తలుపులు బయలుదేరే వేళకు కాస్త ముందే మూసేస్తారు. మీ రైలు తర్వాత ఇంకా ఎన్ని రైళ్ళున్నాయో ఉదయమే చూసి పెట్టుకోండి, ఆఖరి రైలును నమ్ముకుని ప్రయాణం వేసుకోకండి. ఒకసారి నేనెక్కవలసిన రైలు రద్దయింది, అడ్వాన్స్ టికెట్ కదా అని కొత్త టికెట్ కొనబోయాను. కౌంటర్‌లో ఉన్నావిడ ఆపి, రద్దయింది కాబట్టి అదే కంపెనీ తర్వాతి రైల్లో ఈ టికెట్‌తోనే వెళ్ళవచ్చని చెప్పింది. అలాంటప్పుడు సిబ్బందిని అడగకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. రైలు ఆలస్యమైతే కంపెనీని బట్టి 15 లేదా 30 నిమిషాలు దాటాక డిలే రిపే కింద డబ్బు వెనక్కి ఇస్తారు. వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేయాలి, అందుకని ఇల్లు చేరాక కూడా టికెట్‌ను తుడిచేయకండి.

రైల్లో కూర్చున్నాక తర్వాతి ప్రయాణం ఎక్కడికని ఆలోచిస్తారు కదా, దానికి ఒక చోటు చెబుతాను. తెలుగు నిఘంటువులు కూర్చి, మూలపడిన కావ్యాలకు ప్రతులు రాయించి, చివరి రోజుల్లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్న సి.పి.బ్రౌన్ 1884లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది. యూస్టన్ నుంచి లయనెస్ లైనులో కెన్సల్ గ్రీన్ స్టేషన్‌కు నేరుగా వెళ్ళవచ్చు, అక్కడి నుంచి కాలినడకే. శ్మశానం చాలా పెద్దది, సమాధి ఎటువైపు ఉందో లోపలి కార్యాలయంలో అడిగి వెళ్ళండి.